మొద్దు ఎక్కడిదో ముందు అడగండి

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వైపు అద్దె ఇళ్లలో చేపల తొట్టి పెట్టుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది మొద్దు గురించే. రెండడుగుల తొట్టి కొన్నారు, గులకరాళ్లు పరిచారు, నాలుగు మొక్కలు నాటారు, గప్పీలు వదిలారు. అయినా ఏదో వెలితి. ఫోనులో వీడియోలు చూస్తే ప్రతి తొట్టిలోనూ వంకర్లు తిరిగిన వేరుమొద్దు ఒకటి ఠీవిగా కూర్చుని ఉంటుంది. దుకాణంలో దాన్ని డ్రిఫ్ట్‌వుడ్ అంటారు, తూకం వేసి అమ్ముతారు. ధర విన్నాక చాలామంది చేతిలోకి తీసుకున్న ముక్కను మెల్లగా కింద పెట్టేస్తారు. బయటికొచ్చి బండి తీస్తే దారిలో వాగు. వాగు ఒడ్డున అలాంటి మొద్దులే పడి ఉంటాయి, పైసా ఖర్చు లేకుండా.

బండి అక్కడ ఆపొద్దు. మొద్దు పెట్టుకోవద్దని నేననను. తొట్టికి దానంత మేలైన వస్తువు తక్కువ. చేపకు చాటు దొరుకుతుంది, మొక్క వేళ్లకు పట్టు దొరుకుతుంది, పిల్లచేపలు దాక్కోవడానికి సందులుంటాయి. కానీ ఈ ఫ్యాక్టరీల ప్రాంతంలో ఉండేవాళ్లు మొద్దును ఎలా కడగాలని అడగడానికి ముందు అది ఎక్కడిదని అడగాలి. మొద్దును ఉడకబెడితే అందులో బతికున్నవి చస్తాయి. అందులోకి ఇంకినవి పోవు.

బూజు, పురుగుల గుడ్లు, నత్తపిల్లలు, పాత నాచు, వీటికి గంట రెండు గంటల మరుగు చాలు. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన కట్టె సంగతి వేరు. కట్టె అంతా సన్నని గొట్టాలే. చుట్టూ ఉన్న నీళ్లలో ఏముంటే ఆ గొట్టాల నిండా అదే చేరుతుంది. సీసం, క్రోమియం, జింకు లాంటి లోహాలు మరిగిస్తే ఆవిరైపోయేవి కావు. సాల్వెంటు ఏదైనా పట్టి ఉంటే మరిగేటప్పుడు అది వచ్చేది మీ వంటగదిలోకే. మిగిలింది తొట్టిలో నెలల తరబడి కొంచెం కొంచెంగా దిగుతుంది.

ఇక్కడి వాగుల చరిత్ర ఇక్కడ పనిచేసేవాళ్లకు తెలియంది కాదు. అయితే చక్కని మొద్దు కనపడ్డ క్షణాన అది గుర్తు రాదు. 1970ల్లో మొదలైన పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థజలాలు ఇసుకవాగులోకి, ఇసుకవాగు నుంచి నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి దిగుతూ వచ్చాయి. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. తర్వాత అది హైకోర్టుకు, ఆపైన హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఈ గొడవ వెంట దశాబ్దాలు తిరిగారు. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రం, పటాన్‌చెరు ఎన్విరోటెక్, మొదలైంది. ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రచురించింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో తేలే మోతాదు కూడా అంత ఉండదు. చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో సైతం మందులున్నాయని 2009లో ఇంకో పరిశోధన వచ్చింది. బ్యాక్టీరియాను యాంటీబయాటిక్‌లకు లొంగనివ్వని జన్యువులు కాజీపల్లి చెరువులో కుప్పలుగా ఉన్నాయని 2014లో మరొకటి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో వేసిన లెక్కలో పటాన్‌చెరు, బొల్లారం కలిపి 70 మార్కులు దాటి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కాయి. 2017లో గండిగూడెం చెరువులో చేపలు పెద్దఎత్తున చచ్చి తేలిన సంగతి మీలో కొందరు కళ్లారా చూసే ఉంటారు.

ఇప్పుడు చాలా కంపెనీలు చుక్క బయటికి వదలని పద్ధతికి మారాయి, శుద్ధిచేసిన నీళ్లు అంబర్‌పేటకు పోవడానికి 18 కిలోమీటర్ల పైపులైను కూడా పడింది. మంచిదే. కాకపోతే లోహాలూ, సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులూ బురదకు గట్టిగా అతుక్కునే రకం. పై నీళ్లు మారినంత తొందరగా అడుగు బురద మారదు. మొద్దు కూరుకుపోయి ఉండేది ఆ బురదలోనే.

కంపెనీ వ్యర్థజలాల శుద్ధి ప్లాంటులో, అంటే ఈటీపీలో, పనిచేసేవాళ్లకు ఇక్కడ ఒక సులువుంది. అక్వేరియం ఫిల్టరు ఒక బుల్లి ఈటీపీ. చేప వదిలే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తుంది. ప్లాంటులో బయోమాస్ పడిపోతే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. తొట్టిలోనూ అంతే. యాంటీబయాటిక్ పట్టిన మొద్దు వేస్తే మొదట దెబ్బ తగిలేది చేపకు కాదు, ఫిల్టరు స్పాంజిలో ఉన్న ఆ బ్యాక్టీరియాకు. చేపలు వారం తర్వాత ఒక్కొక్కటిగా నీటిపైకి వచ్చి నోరు తెరుస్తాయి. అప్పటికి మొద్దు సంగతి మనకు గుర్తుండదు, దుకాణంవాడు చెడ్డ చేపలు అంటగట్టాడని తిట్టుకుంటాం.

కాబట్టి ఏ వాగు ఫరవాలేదు, ఏ కుంట ఫరవాలేదు అని వాదన పెట్టుకోకుండా ఒక్క గీత గీసుకోండి. పారిశ్రామికవాడ దిగువన ఉన్న ఏ వాగు, ఏ చెరువు, ఏ కుంట నుంచీ మొద్దు తేవద్దు. టీడీఎస్ మీటరుతో చూశాం, బాగానే ఉంది అంటారు కొందరు. ఆ మీటరుకు తెలిసేది నీళ్లలో కరిగిన లవణాలే. మందు, సాల్వెంటు, పురుగుమందు దాని కంటికి ఆనవు.

అమీన్‌పూర్ చెరువు మాటేమిటని అడుగుతారు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి ఎండు కొమ్మ కూడా పక్షులకు, పురుగులకు ఇల్లు. దాని జోలికి పోవద్దు. మంజీర సంగతి ఇంకా గట్టిది. సంగారెడ్డి పక్కన కల్పగూరు నుంచి పైకి ఉన్న నది భాగం 1978 నుంచి అభయారణ్యం. వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులోంచి కట్టెపుల్ల తేవడం కూడా నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టినా అక్కడ మొసళ్లున్నాయి. నీటి అంచున వంగి మొద్దు లాగే మనిషిని అవి చూసేది వేరే కంటితో.

ఇక కంపెనీ గేటు లోపల దొరికేవి. ప్యాలెట్ కట్టె ఇంటికి తెచ్చుకుని అలమరలు, బల్లలు చేసుకోవడం ఇక్కడ మామూలే. బల్లకైతే సరే, తొట్టికి మాత్రం వద్దు. విదేశీ సరుకుతో వచ్చిన ప్యాలెట్ మీద గోధుమకంకి గుర్తు పక్కన అక్షరాలుంటాయి చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేశారని, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని అర్థం. హెచ్‌టీ ఉన్నా సరే, దాని మీద ఏ డ్రమ్ము కారిందో ఆ ముద్ర చెప్పదు. పైగా అది ఎక్కువగా మెత్తని కట్టె, నీళ్లలో కొద్దికాలానికే కుళ్లుతుంది.

డ్రమ్ముల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను, ఎందుకంటే జాగ్రత్తగా మొద్దు తెచ్చినవాళ్లు కూడా బోర్లా పడేది ఇక్కడే. మొద్దు నానబెట్టడానికి పెద్ద పాత్ర కావాలి. స్క్రాపు దుకాణంలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ము చవకగా దొరుకుతుంది. కడిగారనే అంటారు. దాంట్లో ఒకప్పుడు ఏముండేదో లేబుల్ చించేసిన మనిషికి కూడా తెలియదు. ప్లాస్టిక్ గోడ కూడా పీల్చుకుంటుంది, తిరిగి వదులుతుంది. కొత్త బకెట్టు కొనండి. లేదంటే ఇంట్లో బియ్యం పోసుకున్న పాత డబ్బా చాలు.

అయితే మొద్దు ఎక్కడ దొరుకుతుంది? పొలాల్లో. సంగారెడ్డి దాటి సదాశివపేట, కోహీర్, జహీరాబాద్ వైపు పోతే మామిడి, జామ తోటలున్నాయి. కోహీర్ జామకాయ పేరు వినని మనిషి ఈ జిల్లాలో ఉండడు. ముసలి చెట్లు తీసేసినప్పుడు వేళ్లతో సహా పెకలించిన మొద్దులు గట్ల మీద రెండు మూడు వానాకాలాలు చూసి ఉంటాయి. నాకైతే అన్నిటికన్నా జామ వేరు ఇష్టం. గట్టి కట్టె, సన్నగా చీలిన పాయలు, నున్నటి ఒంపులు. వెల పెట్టి తెచ్చే విదేశీ మొద్దుకు ఏం తీసిపోదు. పొలం యజమానిని అడిగి తీసుకోండి. సాధారణంగా ఎవరూ కాదనరు, వింతగా మాత్రం చూస్తారు. "గీ మొద్దుతోటి ఏంజేస్తవ్ బిడ్డా, పొయ్యిల పెట్టనీకా?" అంటే, "కాదు తాతా, చాపల తొట్టిల పెట్టనీకి" అని చెప్పి చూడండి, ఆ పూటకు ఆయనకు చెప్పుకోవడానికి ఓ ముచ్చట దొరుకుతుంది. అదే నోటితో ఇంకో మాట కూడా అడగండి: ఈ చెట్టుకు ఆఖరుసారి మందు ఎప్పుడు కొట్టారు, చెదలకు మొదట్లో ఏమైనా పోశారా? చెదల మందు క్లోరిపైరిఫాస్ రొయ్యకూ చేపకూ చుక్క మోతాదులోనే విషం. పోశామంటే దండం పెట్టి వచ్చేయండి. పచ్చని చెట్టు కొట్టించే ఆలోచన అసలు వద్దు, చాలా చెట్లకు వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, పచ్చి కట్టె తొట్టికి పనికి రానేరాదు.

పాత ఇళ్లు కూల్చినచోట దొరికే దూలాలు, గుంజలు కూడా వద్దు. చెద పట్టకుండా వాటికి వాడేసిన ఇంజిన్ ఆయిలు పూయడం మన దగ్గర పాత అలవాటు.

ఏ చెట్టు అన్నది రెండో ప్రశ్న. మామిడి, జామ, చింత, సపోటా పనికొస్తాయి. నల్లతుమ్మ కూడా మంచి బరువైన కట్టె, నీళ్లలో తొందరగా మునుగుతుంది. కానీ తోళ్లు ఊనడానికి తుమ్మచెక్క వాడేది ఊరికే కాదు, టానిన్ అంత దండిగా ఉంటుంది. బెరడు పిసరు మిగలకుండా తీసినా వారాలపాటు రంగు దిగుతూనే ఉంటుంది. ఓపిక ఉంటేనే తీసుకోండి. కానుగ వద్దు, దాని వేరూ గింజా చేపలను మత్తెక్కించడానికి వాడిన సరుకు. జెముడు, గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు లాంటి పాలు కారే విషపు చెట్లేవీ వద్దు. నీలగిరి నూనె కట్టె, అదీ వద్దు. వేప గురించి జనం వాదిస్తారు, ఆరోగ్యానికి మంచిదే కదా అని. మనిషికి మంచిది పురుగుకు చెడ్డది కాబట్టే వేపకు అంత పేరు. రొయ్యలున్న తొట్టిలో దాన్ని పెట్టి పరీక్షించాల్సిన అవసరం ఏముంది? చెట్టు పేరు తెలియకపోతే ఆ మొద్దును అక్కడే వదిలేయండి.

చేతికి దొరికిన మొద్దును చూసే పద్ధతి ఇది. ముందు వాసన. మట్టి వాసన, పాత కట్టె వాసన మంచివి. పుల్లటి వాసన వస్తే లోపల ఇంకా పచ్చి ఉంది. కిరోసిన్, పెయింట్, ఫినాయిల్ లాంటి వాసన లేశమంత తగిలినా పారేయండి. తర్వాత గోరు. బెరడు లేనిచోట గట్టిగా గుచ్చండి. గోరు దిగితే అది పుచ్చు. వేరు కొసలు ఎక్కువగా పుచ్చి ఉంటాయి, మధ్యభాగం బాగుంటుంది. రంపంతో కొస కోసి చూస్తే తెల్లగా పొడి రాలే పొర ఎక్కడ ఆగి, ముదురు రంగు చేవ ఎక్కడ మొదలవుతుందో కనపడుతుంది. అక్కడి దాకా చెక్కేయాలి. చేవ ఉన్న భాగమే తొట్టిలో ఏళ్లు నిలుస్తుంది. సుత్తితో తట్టండి. లోపల గుల్లగా ఉంటే శబ్దమే చెబుతుంది. సందుల్లో చీమలో తేలో లేవని చూసుకున్నాకే సంచిలో వేసుకోండి. గట్ల మీది మొద్దుల కింద తేళ్లు చేరడం మామూలే.

శుద్ధి చేయడం నిజానికి సులువు, కావలసింది సమయం. షిఫ్టు డ్యూటీ మనుషులకు ఇది బాగా సరిపోతుందనే అంటాను, ఎందుకంటే పని కాస్త, ఎదురుచూపు ఎక్కువ. వీక్లీ ఆఫ్ నాడు పొద్దున బెరడంతా ఉలితో తీసి, గట్టి బ్రష్షుతో సందుసందూ రుద్దండి. సబ్బు, సర్ఫు, యాసిడ్ ఏదీ తగలనివ్వొద్దు. సబ్బును కట్టె పీల్చుకుంటే ఎన్నిసార్లు కడిగినా వదలదు. తర్వాత మరిగే నీళ్లలో గంట, రెండు గంటలు. వంటపాత్ర వాడకండి, టానిన్ మరక పోదు, ఇంట్లో గొడవ అదనం. గ్యాసు మీద పెద్ద మొద్దు మరిగిస్తే సిలిండరు మాయమవుతుంది, దానికి బయట మూడు రాళ్ల పొయ్యి మేలు. పాత్రలో పట్టని మొద్దైతే మరిగిన నీళ్లు మీద పోస్తూ తిప్పుతూ ఉండండి, ఆ తర్వాత నానబెట్టే కాలం పెంచండి. నానబెట్టాక నీళ్లు రోజుకోసారి మార్చాలి. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపు చేసే పని అది. ఏ షిఫ్టు అయినా, సీ షిఫ్టు అయినా లెక్క చెడదు. మొదట ముదురు గోధుమరంగులో దిగే నీళ్లు రెండు మూడు వారాలకు లేతబడతాయి, ఆలోపు చాలా మొద్దులు మునగడం కూడా మొదలుపెడతాయి.

మునగని మొద్దును కిందికి పట్టి ఉంచడానికి బండ బిగించాలి. ఇక్కడ మనవాళ్లు చేసేది ఒకటే, ఇంటి ముందు మిగిలిన తాండూరు బండ ముక్క తీసుకుంటారు. తాండూరు బండ, షాబాదు బండ, కడప బండ అన్నీ సున్నపురాయి జాతి. నీళ్లలో ఉంటే కొద్దికొద్దిగా కరిగి కాఠిన్యం పెంచుతాయి, మొద్దు నీటి పీహెచ్ తగ్గించబోతే వెనక్కి లాగుతాయి. నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి చూడండి, బుడగలు లేస్తే సున్నం ఉన్నట్టే. గ్రానైటు ముక్క తీసుకోండి. ఈ నేలంతా గ్రానైటే, బండలు కోసే షెడ్డులో చెత్తకుప్ప మీద ఉచితంగా దొరుకుతుంది. రంధ్రం కొట్టించి కింది నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ బిగించాలి. ఫార్మా ప్లాంటులో ఫిట్టరుగా ఉన్నవాళ్లకు ఎస్సెస్ 304, 316 తేడా తెలుసు. 316 దొరికితే నిశ్చింత, 304 అయినా మంచినీటి తొట్టికి సరిపోతుంది. దుకాణంలో కొనండి, స్టోర్స్ నుంచి జేబులో వేసుకొచ్చే స్క్రూ కోసం ఉద్యోగం పోగొట్టుకున్నారంటే వినడానికే బాగుండదు. మామూలు ఇనుప స్క్రూ తుప్పు పడుతుంది. జీఐ తీగతో కడితే జింకు దిగుతుంది. రాగి తీగ రొయ్యలకు, నత్తలకు చావు.

నీళ్ల గురించి కాసేపు నిలబడి మాట్లాడాలి, మొద్దు మీద పెట్టుకున్న ఆశలు ఎక్కువగా విరిగేది ఇక్కడే. మొద్దులోని టానిన్లు, హ్యూమిక్ ఆమ్లాలు నీటి పీహెచ్ తగ్గిస్తాయని అందరూ విన్నారు. తగ్గిస్తాయి, మెత్తని నీళ్లలో. మన బోరు నీళ్లలో బైకార్బొనేటు దండిగా ఉంటుంది. మొద్దు వదిలే కాస్త ఆమ్లాన్ని అది మింగి కూర్చుంటుంది. రంగు మారుతుంది, పీహెచ్ కదలదు. క్యూసీ ల్యాబులో టైట్రేషన్ చేసినవాళ్లకు బఫర్ అంటే ఏమిటో నేను చెప్పాలా? కాబట్టి పీహెచ్ దింపుదామని మొద్దు మీద మొద్దు పేర్చకండి. నిజంగా మెత్తని నీళ్లు కావలసిన టెట్రాల్లాంటి చేపలు పెంచాలంటే ఆర్వో నీళ్లు కొంత, కుళాయి నీళ్లు కొంత కలపండి. పూర్తిగా ఆర్వో నీళ్లతో మాత్రం నింపొద్దు, బఫర్ అనేదే లేకపోతే పీహెచ్ ఒక్క రాత్రిలో కూలిపోతుంది. ఇంత బాధ ఎందుకనుకుంటే గప్పీ, మోలీ పెంచుకోండి. గట్టి నీళ్లంటే వాటికి ప్రాణం.

ఫ్యాక్టరీల మధ్య ఉన్న కాలనీ బోరును తొట్టికి వాడకపోవడమే మంచిది, మొద్దు విషయంలో చెప్పిన కారణమే. మిషన్ భగీరథ, మంజీర కుళాయి నీళ్లు పట్టి క్లోరిన్ తీసేయండి. వెడల్పాటి బకెట్టులో ఒక రోజంతా వదిలేస్తే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో దొరికే హైపో, అంటే సోడియం థయోసల్ఫేటు, రెండు మూడు గింజలు వేసి కలపండి.

మొద్దు తొట్టిలోకి దిగిన మూడో రోజో నాలుగో రోజో ఫోన్లు వస్తాయి. "అన్నా, మొద్దుకు తెల్లగా ఏందో పట్టింది, తీసి పారేయాల్నా?" వద్దు. సన్నని కొసల దగ్గర, కోసినచోట మొదలై, చూస్తుండగానే మొద్దంతా అల్లుకునే తెల్లని జిగురుపొర అది. కట్టెలో మిగిలిన చక్కెరలను తింటున్న బ్యాక్టీరియా, బూజు. చూడ్డానికి రోతగా ఉంటుంది, చేపకు హాని లేదు. నత్తలు, రొయ్యలు పండగ చేసుకుంటాయి. పాత టూత్‌బ్రష్షుతో తుడిచి నీళ్లు కొంత మార్చండి, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. కుళ్లిన గుడ్డు వాసన, నీటిపైన నూనె తెట్టు, మొద్దు వేసిన ఒక్క రోజులోనే చేపలన్నీ పైకి వచ్చి గాలి మింగడం. వీటిలో ఏది కనపడినా మొద్దు తీసేసి, సగం నీళ్లు మార్చి, ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. ఆ మొద్దును మళ్లీ ఉడకబెట్టి ఇంకో అవకాశం ఇద్దామనుకోకండి.

నీళ్ల రంగు నచ్చనివాళ్లకు కూడా కార్బనే మందు. నచ్చినవాళ్లకు ఇంకో చవక దారుంది. బడి ఆవరణల్లో, కాలనీ వీధుల్లో రాలే ఎండు బాదం ఆకు. ఎరుపు పోయి గోధుమరంగుకు తిరిగిన ఆకు కడిగి ఒకటి వేస్తే చాలు, ఫైటర్ చేపలున్నవాళ్లు వెల పెట్టి కొనేది అదే.

మొద్దు పెడితే సక్కర్ చేప వేయమంటారు దుకాణంవాళ్లు. అది మొద్దును గీకే మాట నిజమే, పెరిగి అడుగు దాటే మాట చెప్పరు. రెండడుగుల తొట్టికి అది కుదరదు. పెద్దదయ్యాక చెరువులో వదిలేయడం ఇంకా తప్పు. ఆ జాతి ఇప్పటికే మన జలాశయాల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది.

ఒక మాట మీ చేతుల గురించి. ప్రొడక్షన్ బ్లాకులో, ప్యాకింగులో పనిచేసి వచ్చినవాళ్లు స్నానం చేయకుండా తొట్టిలో చెయ్యి పెట్టొద్దు. గోళ్ల సందున మిగిలిన పొడి ముప్పై నలభై లీటర్ల నీళ్లకు తక్కువేం కాదు.

ఇక చివరిది, చాలామంది మనసులో ఉన్నది. ఇవి తయారుచేసి అమ్ముకోవచ్చా? అమ్ముకోవచ్చు, కాంట్రాక్టు జీతానికి కాస్త ఆసరా అవుతుంది, దాని మీదే బతుకుదామంటే కాదు. ఉత్త మొద్దుకు ధర రాదు. నానబెట్టి, మునిగేలా చేసి, గ్రానైటు బిగించి, అనూబియాసో జావా ఫెర్నో కట్టి ఇస్తే దానికి ధర. ఆ మొక్కలు కట్టేటప్పుడు లావు దుంపకాడను మట్టిలో పూడ్చకూడదు, మొద్దు మీద పత్తిదారంతో కట్టాలి, లేదా ఫెవిక్విక్ చుక్కతో అంటించాలి. ఆరాక అది చేపకు హాని చేయదు. తూకం మీద కాకుండా ముక్క లెక్కన అమ్మండి. తడి మొద్దు తూకమేసి ఇస్తే కొన్నవాడు ఇంటికెళ్లి ఎండబెట్టి తూచుకుంటాడు, మళ్లీ రాడు. ప్రతి ముక్కకూ ఒక చీటీ కట్టండి: చెట్టు పేరు, తెచ్చిన ఊరు, నానబెట్టిన వారాలు. అలా చీటీ కట్టి ఇచ్చే దుకాణాన్ని నేనైతే చూడలేదు, మీ సరుక్కి గిరాకీ తెచ్చేది అదే. ఖర్చు రాసేటప్పుడు బండి పెట్రోలు, పొయ్యి కట్టెలు, మీ ఆదివారం కూడా రాయండి. ఆదివారాన్ని సున్నా కింద వేసుకుంటే అన్ని వ్యాపారాలూ లాభంగానే కనపడతాయి. ఇంటి గ్యాసు సిలిండరు వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం, అదీ గుర్తుంచుకోండి.

మొదటి మొద్దు అమ్మకముందే మీ నియామకపత్రం తీసి ఒకసారి చదవండి. బయట వేరే సంపాదన పని చేయకూడదని కొన్ని కంపెనీలు అందులో రాస్తాయి. రాసి ఉంటే హెచ్‌ఆర్‌కు ఒక కాగితం పెట్టి అడగండి, లేదా అమ్మకం ఇంట్లో ఇంకొకరి పేరున నడపండి. ప్లాంటు వాట్సాప్ గ్రూపులో ఫొటోలు మాత్రం పెట్టకండి. డ్యూటీ టైములో పెట్టిన ఫొటో మీద టైము కూడా పడుతుంది.